తాతగారు నడిచిన బదరీ దారిని మళ్ళీ వెతుక్కోవడం ఎలా?

మా ఇంట్లో దేవుడి పెట్టెలో ఒక నల్లటి గులకరాయి ఉండేది. సాలగ్రామం కాదు, బాణలింగమూ కాదు. ఏటా నాగులచవితికి దాన్ని కడిగి, పుట్టకు తీసుకెళ్ళే పళ్ళెంలో పెట్టేవాళ్ళు. "తాత బదరీ నుంచి తెచ్చాడు. ఇది ఉన్న ఇంట్లోకి పాము రాదు" అనేది నాయనమ్మ. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

ఆ రాయి గరుడగంగలోదని నాకు అరవై దాటాక తెలిసింది. ఉత్తరాఖండ్‌లో పీపల్‌కోటి దాటి జోషీమఠ్ వైపు వెళ్తుంటే పాఖీ దగ్గర తగిలే చిన్న యేరు అది. అక్కడి రాయి ఇంట్లో ఉంటే సర్పభయం ఉండదని యాత్రికుల నమ్మకం. కార్లో వెళ్ళేవాళ్ళకు ఆ యేరు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. నడిచి వెళ్ళినవాళ్ళు మాత్రం అక్కడ ఆగి, స్నానం చేసి, ఒక రాయి కొంగున కట్టుకుని కదిలేవాళ్ళు.

మీ ఇంట్లో కూడా తాతయ్యో, అమ్మమ్మో, ముత్తాతో బదరీకో కేదారానికో నడిచి వెళ్ళి ఉంటే, ఆ దారిని మళ్ళీ పట్టుకోవాలని మీకు అనిపిస్తే, ఇది మీకోసం. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనుకునే రోజుల్లో కాశీ దాటి ఇంకా పైకి వెళ్ళినవాళ్ళు వాళ్ళు. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి డబ్బు ఖర్చయింది తప్ప ఏమీ దొరకలేదు. రెండోసారి దొరికింది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో వరసగా చెబుతాను.

1. టికెట్లు కాదు, ముందు ఇల్లు వెతకండి

నేను చేసిన మొదటి తప్పు ఇదే. రైలు టికెట్లు తీసేసుకుని, ఆ తర్వాత మేనత్తకు ఫోన్ చేశాను. మీరు తిరగేసి చేయండి. బయల్దేరడానికి కనీసం ఆర్నెల్ల ముందు ఇంట్లో పని మొదలుపెట్టండి.

పెద్దవాళ్ళను "తాతయ్య ఏ దారిన వెళ్ళాడు?" అని అడగకండి. వాళ్ళకు దారి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక ఏదో ఒకటి చెప్తారు. తిండి గురించి అడగండి. వంట ఎవరు చేసేవారు, బియ్యం ఎక్కడ కొన్నారు, ఎవరికైనా జబ్బు చేసిందా, దేనికి భయపడ్డారు, తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చారు, వచ్చాక సంతర్పణ చేశారా, ఎవరెవరు వచ్చారు? ఇలాంటివాటికి జవాబులు చిన్నచిన్నగా, కచ్చితంగా వస్తాయి. ఫోన్లో రికార్డు చేసుకోండి. వాళ్ళు తప్పు చెప్తున్నారని మీకు తెలిసినా మధ్యలో సరిదిద్దకండి. ఒకసారి సరిదిద్దితే ఆ తర్వాత మీకు నచ్చేదే చెప్తారు.

తర్వాత అటకెక్కండి. సీసం వేసి మూసిన కాశీ చెంబు, పాత పంచాంగాల అంచుల్లో రాతలు, పోస్టుకార్డులు, మనియార్డరు రసీదులు, తులసి పూసలు, అర్థం కాని రాళ్ళూ రప్పలూ, ఏవీ పారేయకండి. అన్నిటికంటే విలువైనది జమాఖర్చు పుస్తకం. మన తాతలు మనసులో మాట రాసుకోలేదు గాని, అణా పైసలతో సహా ఖర్చు మాత్రం రాసుకున్నారు. మా ఇంట్లో దొరికిన పుస్తకంలో యాత్రకు ముందు కొన్న సామాన్ల పద్దు ఒకటుంది: ఇత్తడి చెంబు, బెల్లం, శొంఠి, కర్పూరం, కంబళ్ళు మూడు. వెళ్ళింది ఇద్దరే, తాతగారూ ఆయన తల్లీ. చలికి ఒకటి ఎక్కువ కొన్నారేమో అనుకుని పేజీ తిప్పేశాను. మీరు అలా తిప్పేయకండి. లెక్క కుదరని ప్రతిదాన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

2. ఏ ఏడాదో తేల్చుకోండి

ఏడాది తెలియకపోతే మిగతా పనేదీ ముందుకు సాగదు. బస్సు ఎక్కడిదాకా వచ్చింది, వంతెన ఉందా లేదా, పండా (అక్కడి తీర్థపురోహితుడు) దగ్గర ఏ పుస్తకం తెరవాలి, అన్నిటికీ అదే ఆధారం.

మన పెద్దవాళ్ళు ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు. ప్రభవ, విభవ అని చెప్తారు. అది మంచిదే, కాకపోతే అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ప్రభవ 1867లో వచ్చింది, 1927లో వచ్చింది, 1987లో వచ్చింది. అక్కణ్ణుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా ఒక తెలుగు ఏడాది కాబట్టి అది రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుందని మరిచిపోకండి.

మాకు వచ్చిన చిక్కు వేరే. జమాఖర్చు పుస్తకం అట్ట మీద "క్రో" వరకే కనిపిస్తుంది. ఆ తర్వాతి భాగాన్ని చెదలు తినేశాయి. క్రోధి అయితే 1904-05. క్రోధన అయితే 1925-26. ఇరవై ఒక్క ఏళ్ళ తేడా! మొదటిదయితే వెళ్ళింది మా తాతగారు కాదు, ఆయన తండ్రి. దస్తూరీ పోల్చి చూద్దామంటే ఇంట్లో ఇంకో కాగితం లేదు. మా నాన్న చివరిదాకా క్రోధి అనే వాదించాడు. "అమ్మ నాతో 'తాత తెచ్చాడు' అనేది. నాతో అంటే నా తాత కాదుట్రా?" అనేవాడు. తోసిపుచ్చడానికి వీల్లేని వాదన.

దీన్ని తేల్చింది నాయనమ్మ చెప్పిన ఇంకో ముక్క. "లక్ష్మణఝూలా దగ్గర వంతెన లేదట, నావ మీద దాటించారట, అత్తగారు గంగలో పడిపోతానని ఒకటే ఏడుపట." రిషీకేశ్ పక్కనే ఉన్న ఆ చోట 1889లో కట్టిన ఇనుప వంతెన ఉండేది. 1924 వరదలకు అది కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టిన వేలాడే వంతెన 1930లో తెరిచారు. అంటే వంతెన లేని కాలం ఆ ఐదారేళ్ళే. 1904లో వెళ్ళినవాళ్ళకు నావతో పనేముంది? క్రోధనే, 1925.

పులి కథ కూడా దీనికే సరిపోయింది. రుద్రప్రయాగ చుట్టుపక్కల పొద్దు వాలకముందే తలుపులు వేసుకునేవారని, రాత్రి ఒంటికి వెళ్ళాలన్నా వణుకేనని నాయనమ్మ చెప్పేది. అక్కడ ఒక చిరుత 1918 నుంచి మనుషులను తినడం మొదలుపెట్టింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 125 మందిని చంపింది. 1926 మే 2న వేటగాడు జిమ్ కార్బెట్ దాన్ని రుద్రప్రయాగ దగ్గరి గులాబ్‌రాయ్‌లో కాల్చి చంపాడు. యాత్రికుల బాట పక్కనే, ఒక మామిడిచెట్టు మీద మాటు వేసి. మా వాళ్ళు అదే బాటన అంతకు ఏడాది ముందు నడిచారు.

మీ ఇంటి కథల్లోనూ ఇలాంటి మేకులు ఉంటాయి. వరద, కలరా, విరిగిన వంతెన, కొత్తగా వచ్చిన బస్సు. రెండు మేకులు ఒకే ఏడాదికి దిగితే చాలు.

3. చట్టీల పేర్లతో దారి గీసుకోండి

ఇప్పటి మ్యాపులో రిషీకేశ్ నుంచి బదరీ దాకా దాదాపు 300 కిలోమీటర్ల హైవే కనిపిస్తుంది. దాన్ని చూసి ఇదే పాత దారి అనుకోకండి. రిషీకేశ్ నుంచి దేవప్రయాగ దాకా హైవే గంగకు ఒక పక్కన పోతే, పాత కాలిబాట రెండో పక్కన పోయేది. లక్ష్మణఝూలా దగ్గర గంగ దాటేవారు. ఆ తర్వాత గరుడ చట్టీ, ఫూల్ చట్టీ, మోహన్ చట్టీ, బిజ్నీ, బందర్ చట్టీ, మహదేవ్ చట్టీ, కాండీ, నయార్ నది వచ్చి గంగలో కలిసే వ్యాసఘాట్, ఆ పైన దేవప్రయాగ.

చట్టీ అంటే మన సత్రం లాంటిది, కానీ సత్రం కాదు. ఒక పొడుగాటి పాక, ముందు కొట్టు. బియ్యం, పప్పు, నెయ్యి ఆ కొట్లోనే కొనాలి. కొంటే వంటపాత్రలూ పడుకోవడానికి చోటూ ఉచితం. నాలుగైదు మైళ్ళకొకటి ఉండేది. మా నాయనమ్మ "చెట్టి, చెట్టి" అంటుంటే ఎవరో కోమటి చెట్టిగారి ఇంట్లో దిగారనుకున్నాను, ఏళ్ళ తరబడి! నడవలేని ముసలివాళ్ళను వీపున కట్టిన బుట్టలో మోసుకెళ్ళేవారు, దాన్ని కండీ అంటారు. నలుగురు మోసే దండీ డబ్బున్నవాళ్ళకు. మీ ఇంటి కథల్లో ఈ మాటలు రూపు మారి వినిపిస్తాయి, చెవి పెట్టండి.

ఊళ్ళ పేర్లూ మారాయి. పాతవాళ్ళు లాల్‌సాంగా అన్నది ఇప్పటి చమోలీ. జోషీమఠ్‌ను ఈమధ్య జ్యోతిర్మఠ్ అని మార్చారు. గరుడ చట్టీ అన్న పేరుతో రెండు ఉన్నాయి, ఒకటి లక్ష్మణఝూలా దాటగానే, ఇంకోటి కేదారం దగ్గర. నేను దీనితో ఒక రోజంతా పాడుచేసుకున్నాను.

కేదారం చూసి బదరీకి వెళ్ళారో లేదో కూడా తేల్చుకోండి. కేదారం వెళ్ళినవాళ్ళు రుద్రప్రయాగ నుంచి మందాకిని వెంట అగస్త్యముని, గుప్తకాశి మీదుగా వెళ్ళి, తిరుగుదారిలో ఊఖీమఠ్, చోప్తా, గోపేశ్వర్ మీదుగా చమోలీకి దిగేవారు. బదరీ ఒక్కటే అయితే అలకనంద వెంట కర్ణప్రయాగ, నందప్రయాగ మీదుగా తిన్నగా చమోలీ. రెండు దారులూ చమోలీలో కలుస్తాయి. అక్కణ్ణుంచి పీపల్‌కోటి, గరుడగంగ, పాతాళగంగ, జోషీమఠ్, విష్ణుప్రయాగ, పాండుకేశ్వర్, హనుమాన్ చట్టీ, బదరీ.

4. పండా బహీ దొరికించుకోవడం

అసలు యాత్ర ఇక్కడుంది.

బదరీ తీర్థపురోహితులది దేవప్రయాగ. భాగీరథి, అలకనంద కలిసి గంగ అని పేరు తెచ్చుకునే చోటు. మన వైష్ణవులకు ఆ ఊరు 108 దివ్యదేశాల్లో ఒకటి కూడా. ఆ కుటుంబాలు దేశంలోని ప్రాంతాలను పంచుకుని, తమ తమ యాత్రికుల వివరాలు తరతరాలుగా బహీల్లో రాసి ఉంచుకున్నాయి. బహీ అంటే పొడుగ్గా, మన పాత కరణం లెక్కల పుస్తకంలా ఉంటుంది. వచ్చినవాళ్ళు తమ చేత్తోనే ఊరు, పేరు, తండ్రి పేరు, వెంట వచ్చినవాళ్ళ పేర్లు రాసి సంతకం పెట్టేవారు. తెలుగువాళ్ళు తెలుగులోనే.

వెళ్ళేముందు ఈ వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఇంటిపేరు, గోత్రం, తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, పాత జిల్లా. ఆఖరిది చాలా ముఖ్యం. మీరు "కోనసీమ జిల్లా" అంటే పండాకు ఏమీ అర్థం కాదు, అది 2022లో పుట్టింది. ఆ పుస్తకాల్లో మాది గోదావరి జిల్లా. ఒంగోలు వాళ్ళు ప్రకాశం అనకండి, ఆ జిల్లా 1970లో వచ్చింది. 1904 తర్వాత వెళ్ళి ఉంటే గుంటూరు అనండి, అంతకుముందైతే నెల్లూరు. విజయనగరం వాళ్ళు 1979కి ముందుదైతే విశాఖపట్నం లేదా శ్రీకాకుళం, 1950కి ముందైతే విశాఖపట్నమే. తెలంగాణ వాళ్ళు 2016 తర్వాతి పేర్లు పక్కనపెట్టి పాత పది జిల్లాల పేర్లు చెప్పండి, నిజాం కాలానికి పోతే ముందుగా హైదరాబాద్ రాజ్యం అనండి.

ఏడాదిని విక్రమ శకంలోకి కూడా మార్చుకోండి. ఉగాది దాటిన నెలలకు 57 కలిపితే సరి. 1925 వేసవి అంటే విక్రమ 1982.

ఇక సమయం. గుడి తెరిచి ఉన్న నెలల్లో పండాలు చాలామంది పైన బదరీలో ఉంటారు. చలికాలం గుడి మూశాక దేవప్రయాగకు దిగుతారు. మొదటిసారి నేను జులైలో వెళ్ళి దేవప్రయాగలో ఇల్లు పట్టుకున్నాను. ఇంట్లో ఉన్న పెద్దావిడ మజ్జిగ ఇచ్చి, ఆయన పైనున్నాడని చెప్పింది. పైకి వెళ్దామంటే కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. నేను డబ్బు కట్టిన టూర్ వాళ్ళు రెండు రోజులు ఆగి, మూడోరోజు అందరినీ హరిద్వారానికి తిప్పేశారు. పైసా వెనక్కివ్వలేదు. కాబట్టి, దేవప్రయాగ ఊరి వాళ్ళను అడిగి మీ ప్రాంతపు పండా ఎవరో తెలుసుకుని, ఫోన్లో మాట్లాడి, ఆయన ఎక్కడున్నాడో, బహీ ఎక్కడుందో కనుక్కుని, ఆ తర్వాతే కదలండి.

మా పండాగారు నన్ను తెలుగులోనే పలకరించారు. యాసలో హిందీ కలిసింది గాని, "ఏ ఊరండీ" అన్న ఆ 'అండీ' మా గోదావరిదే. చలికాలంలో యజమానుల, అంటే తమ యాత్రికుల, ఊళ్ళు తిరగడం వాళ్ళ తాతల నాటి అలవాటట, భాష అలా పట్టుబడిందట. తొందరపెట్టకండి. ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు. దక్షిణ ముందే మాట్లాడుకోవడం మొరటు అనుకోవద్దు, "మీ ఇష్టం" అన్న మాటతోనే అటూ ఇటూ మనసు కష్టపడుతుంది. ఫోటో తీయాలంటే అడిగి తీయండి. మీ పేజీ తప్ప పక్క పేజీ తీయకండి, అది వేరొకరి ఇల్లు.

తాతగారి సంతకం మధ్యాహ్నం మూడు గంటలకు దొరికింది. నల్ల సిరా గోధుమరంగుకు తిరిగింది. ఒత్తులు కిందికి లాగి రాసిన గుండ్రటి దస్తూరీ, అచ్చు మా జమాఖర్చు పుస్తకంలోదే. దాని కింద "తల్లి" అని ముత్తవ్వ పేరు. దాని కింద "అక్కయ్య" అని ఇంకో పేరు.

మాకు తెలిసినంతలో తాతగారికి ఒక అక్కయ్య ఉండేది, చిన్నతనంలోనే భర్త పోయాడు, ఆమె "కాశీలో పోయింది". ఇంట్లో ఆ మాట ఒక్క వాక్యంగా ఉండేది, దానికి ముందూ వెనకా ఏమీ లేదు. ఆమె పేరు నేను వినడం, కాదు, చదవడం అదే మొదటిసారి. కంబళ్ళు మూడు ఎందుకు కొన్నారో అప్పుడు తెలిసింది.

బహీలో అనుకోనిది కనిపించవచ్చని ముందే మనసు సిద్ధం చేసుకోండి. రెండో భార్య, దత్తత వెళ్ళిన కొడుకు, ఎవరూ చెప్పని బిడ్డ, ఇలాంటివి. అక్కడికక్కడే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి. నేను ఆ పొరపాటు చేయబోయి ఆగాను, సిగ్నల్ లేక.

అక్కడ దొరకకపోతే నిరాశపడకండి. బదరీ వెళ్ళినవాళ్ళు దాదాపు ఎప్పుడూ ప్రయాగ, కాశి, గయ చూసుకునే వెళ్ళేవారు, లేదా తిరుగులో చూసేవారు. గయలో గయావళీలనే పండాల దగ్గర కూడా ఇలాంటి పుస్తకాలుంటాయి. అవే వివరాలు, అదే పద్ధతి.

5. మొత్తం నడవకండి, ఒక ముక్క నడవండి

మొత్తం దారి నడుస్తానని పట్టుబట్టేవాళ్ళను చూశాను. పాత బాట చాలాచోట్ల హైవే కిందికే పోయింది. లారీల పొగలో నడిచి తాతగారిని పట్టుకోలేం. శ్రీనగర్ (కాశ్మీరుది కాదు, ఈ దారిలోదే) దగ్గర జలవిద్యుత్ డ్యాము వచ్చింది, ఒడ్డు మారిపోయింది. రిషీకేశ్ నుంచి కర్ణప్రయాగకు 125 కిలోమీటర్ల రైలు మార్గం తవ్వుతున్నారు, అందులో ఎక్కువ భాగం సొరంగాలే. మీకు ఇంటి కథల్లో దొరికిన చోటు ఏదో, ఆ ముక్క ఎంచుకోండి.

నేను రెండు ముక్కలు నడిచాను. ఫూల్ చట్టీ నుంచి మోహన్ చట్టీ మీదుగా పైకి ఒకటిన్నర రోజు. కొంత దూరం రోడ్డే, క్యాంపులూ రిసార్టులూ. ఆ తర్వాత గంగ కింద ఎక్కడో వినిపిస్తూ, పాత బాట బయటపడుతుంది. ఇక్కడ ఒంటరిగా వెళ్ళకండి, ఊరి మనిషిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. వానకు తెగిన చోట్లు అతనికే తెలుస్తాయి. చట్టీ అన్న పేరు మిగిలిన చోట అసలు పాక ఎక్కడుండేదో కూడా అతని నాయనమ్మే చెప్తుంది.

రెండోది చోప్తా. కేదారం నుంచి బదరీకి తిరిగిన పాతవాళ్ళ బాట ఇటే వచ్చేది. చోప్తా నుంచి తుంగనాథ్ గుడికి నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, కానీ గుడి 3,680 మీటర్ల ఎత్తులో ఉంది. మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే అని గుర్తుపెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది.

కేదారం బాట గురించి ఒక్క మాట. గౌరీకుండ్ నుంచి ఇప్పటికీ నడకబాటే, కానీ అది పూర్తిగా తాతల కాలపు బాట కాదు. 2013 జూన్ వరదల్లో మధ్యలో ఉన్న రాంబాడా ఊరే తుడిచిపెట్టుకుపోయింది. అక్కణ్ణుంచి బాటను నదికి అవతలి పక్కకు మార్చారు.

ఎప్పుడు వెళ్ళాలి? బదరీ గుడి అక్షయ తృతీయ ప్రాంతంలో తెరిచి నవంబరులో మూస్తారు. మే, జూన్ నెలల్లో జనం. ఆషాఢ శ్రావణాల్లో చరియలు. దసరా ముందూ వెనకా వెళ్ళండి. ఆకాశం తేటగా ఉంటుంది, పండా కూడా ఖాళీగా దొరుకుతాడు. యాత్రకు ఉత్తరాఖండ్ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇంట్లోనే ఆన్‌లైన్లో చేసుకుని ప్రింటు పెట్టుకోండి. రాత్రిపూట కొండదారుల్లో బళ్ళు ఆపేస్తారు, లెక్కలో వేసుకోండి.

ఎత్తు విషయంలో తాతల పద్ధతే మంచిది. రోజుకు ఎనిమిది పది మైళ్ళు నడిచేవాళ్ళకు ఒళ్ళు దానంతటదే అలవాటు పడేది. మనం కార్లో ఒక్క రోజులో 3,100 మీటర్లకు ఎక్కేసి తలనొప్పి, వాంతులు అని టెన్షన్ పడతాం. పీపల్‌కోటిలో ఒక రాత్రి, జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగండి. జోషీమఠ్‌లో 2023 జనవరిలో నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి, గది తీసుకునేముందు ఊళ్ళో ఒకరిని అడగండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని కలిసే బయల్దేరండి. ఇక సామాను: ఉన్ని టోపీ, రెయిన్ కోటు, నడిచి అలవాటైన పాత బూట్లు, కొన్ని చిల్లర నోట్లు, శొంఠి. శొంఠి మా జమాఖర్చు పుస్తకం సలహా, బాగా పనిచేసింది.

6. బదరీలో

తప్తకుండంలో స్నానం చేయండి, దర్శనం చేసుకోండి, వీటి గురించి నేను చెప్పేదేముంది. బ్రహ్మకపాలం దగ్గర పిండం పెట్టేవాళ్ళు ఒకటి గమనించండి. అక్కడ పెట్టాక ఇంట్లో తద్దినం పెట్టాలా వద్దా అని మనవాళ్ళు జీవితాంతం వాదించుకుంటారు. మీ ఇంటి పురోహితుణ్ణి ముందే అడిగి వెళ్ళండి, అక్కడ నిలబడి ఫోన్లో వాదించుకోవద్దు. ఏ పేర్లు చెప్పాలో కూడా ముందే రాసుకోండి. నా కాగితంలో ఒక పేరు కొత్తగా చేరింది. ఆమె గోత్రం, అంటే అత్తవారి గోత్రం, నాకు తెలియదు. ఏం చేయాలో పురోహితుణ్ణి అడిగాను. తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పించడం ఉంది, అదే చెప్పించారు.

బహీలో మీ వంతు మీరూ రాయండి. తాతగారి పేజీ తర్వాత ఖాళీ ఉంటే అక్కడే, లేకపోతే పండా చూపించిన చోట. బాల్‌పెన్నుతో, విడివిడి అక్షరాలతో, తెలుగులో. కొత్త జిల్లా పేరుతోపాటు పాత తాలూకా పేరూ రాయండి. ఆడవాళ్ళ పేర్లు రాయండి, ఫలానావారి భార్య అని కాదు, పేరుతో.

7. తిరిగొచ్చి, మళ్ళీ అదే మనిషిని అడగండి

మా మేనత్తకు ఎనభై ఎనిమిదేళ్ళు. వెళ్ళేముందు ఆమెను గంటల తరబడి కూర్చోబెట్టి అడిగాను. వచ్చాక మళ్ళీ వెళ్ళాను, ఫోన్లో పేజీ పెద్దది చేసి చూపించాను. కొత్త సమాచారం చేతిలో ఉంటే పాత మనిషి కూడా కొత్తగా మాట్లాడతారు. ఆమె మూడో పేరు దగ్గర ఆగి, అక్షరాలు కూడబలుక్కుని చదివింది. నేను కంబళ్ళ సంగతి అడిగాను. ముందు అడగడం నాకు తోచనే లేదు.

"మూడూ ఇంటికొచ్చాయి" అంది. "రెండు మా చిన్నప్పుడు కప్పుకుని చింపేశాం. మూడోది నాన్న భోషాణంలో పెట్టాడు. ఏటా వైశాఖంలో ఎండేసి, దులిపి, మళ్ళీ పెట్టేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

భోషాణం ఇప్పుడు మా అన్నయ్య ఇంట్లో ఉంది. ఈ వైశాఖానికి వెళ్ళాలి.